మనతో పాటు జారిపోయే తంబూరా

(విజయనగరంలో సంగీతం నేర్చుకునే పిల్లల సమావేశంలో ఒక వీణ టీచరు మాట్లాడింది, రికార్డింగ్ విని రాసుకున్న పాఠం)

అందరికీ నమస్కారం. ముందు ఒక మాట చెప్పేస్తాను, ఏసీ ఆపేయమన్నది నేనే, కిటికీలు తీయించింది కూడా నేనే, ఈ నిర్వాహకులు పాపం మధ్యాహ్నం నుంచీ హాలు చల్లగా పెట్టి ఉంచారు, వాళ్ళని ఏమీ అనకండి. ఇదిగో ఈ వీణ. ఇక్కడికొచ్చాక ఆ చల్లదనంలోనే శ్రుతి చేసుకున్నాను. ఈ పక్కన ఎప్పుడూ ఒకే శ్రుతి మోగించే ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె ఉంది. ఒకసారి వినండి.

[వీణ మీద స, ప, పై స మీటారు]

రెండూ కలిశాయి కదా? ముందు వరసలో ఉన్న పిల్లలు చెప్పండమ్మా, కలిశాయా? సరే. ఇక నా మాటలు అయ్యేదాకా తీగలు బిగించే ఈ బిరడాలు ముట్టుకోను. మీరు కూడా ఈ సంగతి మర్చిపోండి, చివర్లో మళ్ళీ చూద్దాం.

నన్ను మాట్లాడమన్న విషయం ఏంటంటే, ఎండలు ఇలా పెరిగిపోతున్నాయి, తుఫాన్లు ఇలా వస్తున్నాయి, కదా, మరి శాస్త్రీయ సంగీతం కచేరీ చేసేవాళ్ళు దీనికి ఏం చెయ్యగలరు అని. ఇది ఎవరితో అన్నా ముందు వచ్చే మాట ఒకటే, "ఏముందండీ, అమృతవర్షిణి రాగం వాయించండి, వాన పడుతుంది" అంటారు. వెటకారంగా అనరు, నిజంగా ప్రేమగానే అంటారు. ముత్తుస్వామి దీక్షితులవారు ఎట్టయపురం వెళ్తుంటే దారిలో నేలంతా ఎండిపోయి ఉండటం చూసి ఆ రాగంలో ఆనందామృతకర్షిణి అనే కీర్తన పాడారని, వాన కురిసిందని, కురిసి కురిసి ఊరు మునుగుతుందేమో అనిపిస్తే చాలమ్మా ఆగు అని పాడాల్సొచ్చిందని చెప్తారు. ఆ కథంటే నాకు చాలా ఇష్టం. ఆయన 1835లో ఆ ఎట్టయపురంలోనే పోయారు కూడా. ఆ రాగంలో రిషభం లేదు, ధైవతం లేదు, స గ మ ప ని, అంతే, ప్రతిమధ్యమం మీద నిలబడితే ఒళ్ళు జలదరిస్తుంది, ఎండాకాలం సాయంత్రం వాయిస్తే గాలి మారినట్టే అనిపిస్తుంది. కానీ అనిపించడం వేరు, మారడం వేరు. నేను ఇరవై ఏళ్ళ నుంచి వాయిస్తున్నాను దాన్ని.

మన వైపు ఈ నమ్మకం దీక్షితులవారి దాకా వెళ్ళక్కర్లేదు. వానలు లేకపోతే ఊళ్ళో భారతంలో విరాటపర్వం చదివించేవారు. మా నాన్నమ్మ వాళ్ళు రోకలికి కప్పని కట్టి వేపాకులు చుట్టి ఇంటింటికీ తిప్పేవారు, ప్రతి ఇంటావిడా బిందెడు నీళ్ళు కప్పతల్లి మీద పోసేది. తప్పెటగుళ్ళు ఉన్నాయి, గుండెకి రేకు తప్పెటలు కట్టుకుని గెంతుతూ పాడతారు చూడండి, అది గంగమ్మని పిలవడానికి, వానని పిలవడానికి, మన శ్రీకాకుళం విజయనగరం జిల్లాల సొత్తు అది. వీటన్నిటినీ తలుచుకుంటే నాకు ఒకటి తోస్తుంది. వాన పడిందా లేదా పక్కన పెట్టండి. ఆ రోజు ఊరు ఊరంతా తలెత్తి ఆకాశం వంక చూసేది. చెరువులో నీళ్ళు ఎంత దిగిపోయాయో, ఈ కార్తెకి పడాల్సిన వాన పడలేదనో అందరూ ఒక్కచోట చేరి గట్టిగా చెప్పుకునేవారు. ఆ మాట పాటలో పెట్టి చెప్పుకునేవారు కాబట్టి మర్చిపోయేవారు కాదు.

ఇంకోటి కూడా ఉంది. వానని పిలిచే రాగాలు ఉన్నాయి, మేఘ్ మల్హార్ అని ఉత్తరాది వాళ్ళకీ ఉంది, మరి నెల రోజుల్లో పడాల్సింది ఒక్క రాత్రిలో వచ్చి పడిపోతుంటే దాన్ని ఆపే రాగం ఏది? దీక్షితులవారు ఆగమని పాడారంటే అది తను పిలిచిన వాన. మనం పిలవకుండా వచ్చేదాన్ని ఏమని ఆపుతాం? మా వైపు రైతులు ఏడాదిని కార్తెల్లో లెక్కపెడతారు, అశ్వని నుంచి రేవతి దాకా ఇరవై ఏడు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. అది ఒక పెద్ద తాళం అనుకోండి. రోహిణిలో రోళ్ళు పగలాలి, మృగశిరకి చల్లబడాలి, ఆరుద్రకి నాట్ల పని అందుకోవాలి. ఇప్పుడు తాళం అలాగే వేసుకుంటున్నాం, వాన మాత్రం ఎత్తుగడ తప్పి వస్తోంది, ఒక ఆవర్తం ముందో రెండు ఆవర్తాలు తర్వాతో. ఇదే ఊళ్ళో ఆదిభట్ల నారాయణదాసుగారు కాళ్ళకీ చేతులకీ తలకీ వేరువేరు తాళాలు వేస్తూ హరికథ చెప్పేవారట, అలాంటివారు కూడా ఈ వానకి తాళం వెయ్యలేరు.

బయట దేశాల్లో సంగీతం వాళ్ళు దీని గురించి ఏం చేశారా అని కొన్నాళ్ళు వెతికాను. అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో డేనియల్ క్రాఫర్డ్ అని ఒక కుర్రాడు 2013లో ఏం చేశాడంటే, 1880 నుంచి భూమి సగటు ఉష్ణోగ్రత లెక్కలు నాసా వాళ్ళ దగ్గర ఉంటాయి కదా, ఏడాదికి ఒక స్వరం చొప్పున చెల్లో మీద వాయించాడు. అన్నిట్లోకీ చల్లగా ఉన్న ఏడాది 1909, దానికి చెల్లోలో అన్నిటికన్నా కింది స్వరం పెట్టాడు, ఒక్కో అరస్వరం ఎక్కితే సుమారు 0.03 డిగ్రీలు పెరిగినట్టు లెక్క. మొదట్లో కింద మంద్రంలో ఏదో తచ్చాడుతున్నట్టు ఉంటుంది, చివరికి వచ్చేసరికి పైకి పైకి పోయి కీచుమంటుంది. 2016లో లుడోవికో ఐనాడి అని ఇటలీ పియానో ఆయన, ఉత్తర ధ్రువం దగ్గర స్వాల్‌బార్డ్‌లో నీళ్ళ మీద తెప్ప లాంటిది వేసి దాని మీద పియానో పెట్టుకుని వాయించాడు, వెనకాల మంచుకొండ అంచులు విరిగి పడుతూ ఉంటాయి, ఆ చప్పుడు కూడా పాటలో వినపడుతుంది. ఆస్ట్రేలియాలో 2021లో వివాల్డి నాలుగు ఋతువుల సంగీతాన్ని, 1725లో అచ్చయింది అది, తీసుకుని 2050కి వాళ్ళ ఊళ్ళో వాతావరణం ఎలా ఉండబోతోందో అంచనాల ప్రకారం మార్చి వాయించారు. అసలు దాంట్లో వసంతంలో పిట్టల కూతలు ఉంటాయి. మార్చిన దాంట్లో పిట్టలు తగ్గిపోతాయి.

ఇవన్నీ విని నేను మా పిల్లలతో కూర్చున్నాను. సరే మనమూ చేద్దాం, ఆ ఉష్ణోగ్రతల లెక్కనే వీణ మీద పెడదాం అని. ఇద్దరు పిల్లలు ఇంజనీరింగ్ చదువుతున్నారు, వాళ్ళు ల్యాప్‌టాప్‌లో లెక్కలన్నీ స్వరాలు చేసి తెచ్చారు, వాయించాం. కుదరలేదు. ఎందుకు కుదరలేదో అర్థం కావడానికి నాకు వారం పట్టింది. మన సంగీతంలో స్వరం మెట్టు మీద మెట్టులా ఉండదు, గాంధారం అంటే తోడి గాంధారం వేరు, కాంభోజి గాంధారం వేరు, గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, అది లేకుండా వరసగా మీటుకుంటూ పోతే అది పిల్లలు మొదటి నెలలో చేసే సరళీ వరస కూడా కాదు, ఒట్టి లెక్క. పైగా ఆ లెక్కలో ఒక విచిత్రం కనపడింది. ఎక్కడం ఉంది, దిగడం లేదు. మధ్యలో కొన్నేళ్ళు కొంచెం తగ్గినట్టు అవుతుంది, మళ్ళీ ఎక్కుతుంది, 2024కి వచ్చేసరికి పారిశ్రామిక యుగం ముందున్న దానికన్నా సుమారు ఒకటిన్నర డిగ్రీ పైన ఉంది. మన దగ్గర అవరోహణ లేని రాగం ఏదైనా ఉందా చెప్పండి? ఎంత వక్రరాగమైనా ఎక్కడో అక్కడ దిగి షడ్జమం, అంటే స, దాని దగ్గరికి వచ్చి కూర్చోవాలి, అలా వచ్చి కూర్చుంటేనే అది రాగం. అవరోహణ లేనిదాన్ని ఏమనాలో మన శాస్త్రంలో పేరు లేదు. ఆ పిల్లల్లో ఒకమ్మాయి "మేడం, చివరి స్వరం దగ్గర ఆపేశాక చెవిలో ఏదో ఇరుక్కున్నట్టుందండి" అంది. ఆ ఒక్కటీ మాత్రం ఆ ప్రయోగంలో నాకు నచ్చింది.

ఇక మన దేశంలో అంటే, గాయకుడు టీఎం కృష్ణగారు 2017లో చెన్నై దగ్గర ఎన్నూరు క్రీక్ ఒడ్డున నిలబడి పాడిన పాట ఉంది, చాలామంది చూసే ఉంటారు, థర్మల్ ప్లాంటు బూడిద, వెనకాల గొట్టాలు, ఈయనేమో నిండు కర్ణాటక రాగాలు, మాటలేమో చెన్నై వీధుల్లో మాట్లాడుకునే తమిళం. ఆ పాటంతా పోరంబోకు అనే మాట మీద నడుస్తుంది. మనకీ అది తిట్టే కదా, పోరంబోకు వెధవ అంటాం. ఎవరిదీ కానిది, అందరిదీ అయిన భూమి అని దాని అసలు అర్థం. ఆ పాట విన్న రోజు నాకు శ్రీకాకుళం జిల్లాలో మా సోంపేట బీల గుర్తొచ్చింది. బీల అంటే తెలీనివాళ్ళకి చెప్తున్నాను, వాన నీళ్ళు వచ్చి నిలిచే పెద్ద తంపర భూములు, దాని మీద పంటలు, చేపలు, గడ్డి, పిట్టలు. అక్కడ థర్మల్ ప్లాంటు వద్దని జనం కూర్చున్నారు, 2010 జూలై 14న కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. చివరికి ప్లాంటు రాలేదు, బీల మిగిలింది. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు ఆ పక్కనే. ఆ ఏడాది నేను ఏం చేస్తున్నానంటే ఇక్కడ విజయనగరంలో పిల్లలకి వీణ మీద వర్ణాలు చెప్పుకుంటూ ఉన్నాను, పేపర్లో చదివి అయ్యో అనుకున్నాను, మళ్ళీ రెండో కాలం మొదలుపెట్టించాను. నేను వెళ్ళలేదు. నాకు తెలిసిన సంగీతం వాళ్ళు ఎవరూ వెళ్ళలేదు. అది సంగీతానికి సంబంధం లేని విషయం అనుకున్నాం, అదీ ఆనాటి నా బుద్ధి.

సంబంధం ఉందని నాకు తెలిసింది 2018 అక్టోబర్లో.

అక్టోబర్ 11, 12 తారీఖులు అంటే మన వైపు వాళ్ళకి ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను ఒడిశా గోపాలపూర్ దగ్గర, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర. దసరాకి అటూ ఇటూ రోజులు. మాకు కచేరీలు ఉండే రోజులు. తిత్లీ వచ్చిన రోజైతే నవరాత్రుల్లో రెండో రోజు, ఆ సాయంత్రం ఒక గుళ్ళో నా వీణ ఉంది. గాలి గంటకి 140, 150 కిలోమీటర్ల పైన కొట్టింది. ఉద్దానం అంటే ఉద్యానవనం అనే మాటే అంటారు కదా, కొబ్బరి, జీడిమామిడి, పనస, కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఆకాశం కనపడకుండా ఉండేది. ఒక్క తెల్లారేసరికి ఆకాశం కనపడింది. మా మావయ్య ఫోన్ చేశాడు, సిగ్నల్ తెగిపోతూ తెగిపోతూ, "అమ్మీ, సెట్లన్నీ పడిపోనాయే, పెరట్లో పెద్ద పనస కూడా ఏళ్ళతో లేచిపోనాది" అని.

ఆ పనస మా అమ్మమ్మ కాపురానికి వచ్చేనాటికే కాపు కాసేదట. చిన్నప్పుడు సెలవుల్లో దాని కింద మంచమేసుకుని సాధన చేసేదాన్ని. రెండు రోజులాగి నాకు బుద్ధి వెలిగింది, అయ్యో ఆ దుంగ, ఆ దుంగ ఉంచమని చెప్పాలి, అని ఫోన్ చేస్తే అప్పటికే కర్రల బేరగాడు వచ్చి తీసుకుపోయాడు. ఊరు ఊరంతా చెట్లు పడి ఉంటే ఎవడు ధర ఇస్తాడు, వంటచెరుకు ధరకి అడిగి పట్టుకుపోయాడు, మావయ్యకి ఆ పెరడు ఖాళీ అయితే చాలు అనిపించింది, ఆయన్ని నేనేమీ అనలేను. ఒక చిన్న మొద్దు మిగిలింది. అది ఇప్పటికీ వాకిట్లో ఉంది, దాని మీద కూర్చుని కాఫీ తాగుతాడు.

ఎందుకింత బాధ అంటే, ఈ వీణ చూడండి. [వీణ ఎత్తి చూపించారు] ఇది బొబ్బిలి వీణ, బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో చేసింది. సర్వసిద్ధి వారి కుటుంబాలు తరాలుగా చేస్తున్నారు, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇది ఏకాండి వీణ, అంటే ఈ కుండ, ఈ దండి, అన్నీ ఒకే పనస దుంగలో తొలిచినవి, అతుకు లేదు. ఒకే దుంగ కాబట్టి మీటితే ఆ నాదం ఎక్కడా తెగకుండా చివరిదాకా వెళ్తుంది. దీనికి ఎంత లావు చెట్టు కావాలో ఊహించండి, అది ఎన్నేళ్ళు పెరగాలి! మృదంగం పనసే. తంబూరా పనసే. అంటే మనం కచేరీలో కూర్చుంటే వేదిక మీద మూడు పనస చెట్లు కూర్చున్నట్టు. చెట్టు లేకపోతే ఏముంది, సభల్లో జ్ఞాపికగా ఇచ్చే అరచెయ్యంత బొమ్మ వీణలు మిగులుతాయి. వాటిని చేసేవారి అన్నం వాటి మీద ఉంది, నేను కాదనను, కానీ పెద్ద దుంగ దొరకడం కష్టంగా ఉందమ్మా అని అక్కడి పెద్దాయన ఒకాయన నాతో అన్నప్పుడు ఆయన ముఖం వంక చూడలేకపోయాను, ఎందుకంటే మా ఇంటి దుంగ పొయ్యిలోకి పోయింది.

ఇప్పుడు ఒక సంగతి వినండి, ఇది నాకు తర్వాత రెండేళ్ళకి గానీ తెలీలేదు. అదే 2018, అదే అక్టోబర్ నెల, ఆఖరి రోజుల్లో ఇటలీ ఉత్తరాన వాయా అని ఒక గాలివాన వచ్చింది. కోటికి పైనే చెట్లు పడిపోయాయి. పడిన వాటిలో పనెవెజ్జో అనే అడవి కూడా ఉంది, ఆ అడవిని వయొలిన్ల అడవి అంటారు, గొప్ప వయొలిన్లు చేసిన స్ట్రాడివేరి కాలం నుంచి వయొలిన్ పైపలకకి స్ప్రూస్ చెక్క అక్కడి నుంచే తెచ్చుకుంటారని పేరు. నెల మొదట్లో మా వీణల చెట్లు, నెలాఖరుకి వాళ్ళ వయొలిన్ల చెట్లు. వయొలిన్ అంటే ఈ ఊరికి పరాయిదా? 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ నేర్చుకోవడానికి వచ్చారట, ఆయన వాయించింది విని విద్యార్థిగా కాదు, ఆచార్యుడిగా ఉండమన్నారని చెప్పుకుంటాం. ఇరవై ఆరేళ్ళు నిండలేదు అప్పటికి. ఆ తర్వాత 1936లో ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. ఆయన భుజం మీదున్న ఆ పెట్టె కూడా ఎక్కడో చలికొండల మీద నిలబడ్డ చెట్టే కదా.

స్ట్రాడివేరి వయొలిన్ల గురించి ఇంకో మాట ఉంది. 1645 నుంచి 1715 దాకా సూర్యుడి మీద మచ్చలు బాగా తగ్గిపోయాయి, యూరప్‌లో చలి ఎక్కువగా ఉన్న కాలం అది. చలికి చెట్లు నెమ్మదిగా పెరిగి వాటి వలయాలు దగ్గరదగ్గరగా, చెక్క దిట్టంగా వచ్చిందని, ఆ నాదానికి అదొక కారణం కావొచ్చని ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు 2003లో రాశారు. కాదు చెక్కకి పూసిన మందుల వల్ల అన్నవాళ్ళూ ఉన్నారు. ఏదైనా కానివ్వండి, చెట్టు తను బతికిన ఎండాకాలాలు, వానాకాలాలు అన్నీ ఒంట్లో దాచుకుంటుంది, మనం దాన్ని తొలిచి తీగలు కట్టి మీటుతాం. ఆ లెక్కన ఇప్పుడు పెరుగుతున్న పనస, ఈ ఎండల్ని తాగి పెరుగుతున్న పనస, యాభై ఏళ్ళ తర్వాత ఎలా పలుకుతుందో వినడానికి నేను ఉండను. ఈ ముందు వరసలో ఉన్న పాప ఉంటుంది.

సరే, పోయిన మే నెలలో ఏం చేశామో చెప్తాను. ఇలాగే ఒక కచేరీ, హాలు కాకుండా ఒక పాత ఇంటి మండువాలో, మైకు లేదు, ఏసీ లేదు, ఫ్యాన్లు మాత్రం జనం వైపు ఉన్నాయి. మామూలుగా మేము ఏం చేస్తామంటే, శ్రుతి జారితే పాటకీ పాటకీ మధ్య తల వంచుకుని గబగబా సవరించుకుంటాం, అదేదో దాచుకోవాల్సిన పని అయినట్టు, మీరు కూడా ఆ టైములో పక్కవాళ్ళతో మాట్లాడుకుంటారు. ఆ రోజు అలా చెయ్యొద్దని అనుకున్నాం. జారినప్పుడు ఆగుతాం, ఎంత జారిందో వినిపిస్తాం, శ్రుతిపెట్టె పక్కన పెట్టి. అప్పుడు సవరించుకుంటాం. అదీ కచేరీలో భాగమే.

ఎండకి ఏమవుతుందంటే, తీగ లోహం కదా, వేడికి సాగుతుంది, స్థాయి దిగుతుంది. మెట్లు మైనంలో కూర్చోబెట్టి ఉంటాయి, మైనం మెత్తబడితే మెట్టు గట్టిగా నొక్కినప్పుడు కదిలినట్టు ఉంటుంది, గమకం ఇంకెక్కడికో పోతుంది. మృదంగానిది ఇంకో కథ, తోలు కదా, పొడి ఎండకి బిగిసి ఎక్కుతుంది, సముద్రపు గాలి తేమకి వదులై దిగుతుంది. అంటే ఒకే వేదిక మీద ఒకే ఎండకి వీణ ఒక దిక్కు, మృదంగం ఒక దిక్కు. ఆ రోజు సాయంత్రం ఐదింటికి మొదలుపెట్టాం, మొదటి అరగంటలో మృదంగం పైకి, నేను కిందకి. ఆరున్నరకి సముద్రం వైపు నుంచి గాలి తిరిగింది, అప్పుడు మృదంగం కూడా జారిపోయింది. మా మృదంగం తమ్ముడికి కోపం వచ్చేసింది, "అక్కా, నా పరువు ఏం కాను, కొట్టుకుంటూ కూర్చోడానికా వచ్చింది" అని. నిజమే, రాయి పట్టుకుని మూత చుట్టూ అన్నిసార్లు సరిచేసుకోవడం ఏ విద్వాంసుడికీ బాగోదు. కొంతమంది లేచి వెళ్ళిపోయారు కూడా. రెండు గంటల కచేరీలో తొమ్మిది సార్లు శ్రుతి చేశాం, కీర్తనలు నాలుగే అయ్యాయి.

కానీ ఆ రోజే నాకు ఒకటి తెలిసింది. ఆ మాట చెప్దామనే ఇక్కడికి వచ్చాను.

పాత రోజుల్లో పెట్టె ఉండేది కాదు, తంబూరా ఉండేది. తంబూరా కూడా పనస చెక్కే, దానికీ తీగలే. ఎండకి నా వీణ జారితే పక్కన తంబూరా కూడా నాతో పాటే జారుతుంది. పాడేవాడి గొంతు కూడా తెలీకుండా దాని వెంటే దిగుతుంది. అందరం కలిసి దిగుతాం కాబట్టి అందరికీ శ్రుతి సరిగ్గా ఉన్నట్టే ఉంటుంది, కచేరీ హాయిగా సాగిపోతుంది, మొదలుపెట్టిన చోటు నుంచి ఎంత దూరం వచ్చేశామో ఎవరికీ తెలీదు. ఆ రోజు పక్కన కదలని పెట్టె ఉంది కాబట్టి తెలిసింది.

మన బతుకు ఆ తంబూరా లాగే అయిపోయింది. మా నాన్నమ్మకి నాగావళిలో మే నెలలో కూడా నీళ్ళు ఉండటం మామూలు. నాకు ఎండాకాలం నాగావళి అంటే ఇసక, మధ్యలో సన్నటి పాయ, అదే మామూలు అనుకుని పెరిగాను. ఈ పిల్లలకి రాత్రి పదింటికి కూడా గోడలు వేడిగా ఉండటం మామూలు. ఒక్కొక్క తరం తను పుట్టిన రోజున ఉన్నదాన్నే షడ్జమం అనుకుంటుంది. జారుతున్నవాళ్ళం జారుతున్నవాళ్ళనే చూసుకుంటూ శ్రుతి సరిపోయిందనుకుంటున్నాం. గట్టున ఎవరైనా ఒకరు కదలకుండా పాత స్వరం పట్టుకుని నిలబడితే తప్ప తెలీదు.

అది చెయ్యగలిగింది ఎవరు అంటే, నాకు మనమే అనిపిస్తుంది. రెండు వందల ఏళ్ళ కిందటి కీర్తనని ఏ సంగతి ఎక్కడ పడాలో గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి చెక్కు చెదరకుండా తెచ్చుకున్నవాళ్ళం. గాంధారం వెంట్రుక వాసి కిందకి పోతే ముఖం చిట్లించుకునే చెవులు మనవి. ఆ చెవులు ఒక్క స్వరాలకే ఎందుకు? తేలినీలాపురానికి వలస వచ్చే కొంగలు ఏ నెలలో వస్తున్నాయి, వర్షాకాలం రాత్రి గెడ్డ పక్క కప్పల అరుపు ఎన్ని రోజులు వినపడుతోంది, మొదటి కోయిల ఎప్పుడు కూసింది, ఇవి కూడా వినండి, పుస్తకంలో రాసుకోండి. మా క్లాసులో పిల్లలకి స్వరాల నోటుపుస్తకం చివరి పేజీల్లో ఇది రాయమన్నాను. కొందరు రాస్తున్నారు. కొందరు తల్లిదండ్రులు ఇదేం చదువమ్మా అన్నారు, పరీక్షల్లో రాదు కదా అన్నారు, నిజమే రాదు.

ఇంకో చిన్న పని. మా దగ్గర వీణ మొదలుపెట్టే ప్రతి పిల్లా ఒక పనస గింజ నాటాలి. గింజే, నర్సరీ మొక్క కాదు, పనసకి తల్లివేరు లోతుకి పోతుంది, కవర్లో పెంచి పీకి పెడితే ఆ వేరు దెబ్బతింటుంది, చెట్టు ఎక్కడ ఉండాలో అక్కడే గింజ పెట్టాలని ఉద్దానంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. కొన్ని మేకలు తినేశాయి, కొన్ని ఎండకి పోయాయి, మళ్ళీ పెట్టాం. మావయ్య పెరట్లో, పాత చెట్టు గొయ్యి పక్కనే నేను పెట్టింది ఇప్పుడు నా భుజం దాకా వచ్చింది. ఇక హాళ్ళలో ఏసీ, ప్లాస్టిక్ పూలదండలు, బొకేలు, వాటర్ బాటిళ్ళు, వాటి గురించి మీకు నేను చెప్పేదేం లేదు, మీకే తెలుసు, మానేస్తే మానేయొచ్చు. కచేరీలు ఎండాకాలం సాయంత్రం ఆరున్నర తర్వాత పెట్టుకుంటే సగం సమస్య పోతుంది, పొద్దున్న ఆరింటికి పెట్టుకున్నా పర్లేదు, మన పెద్దలు ఏ రాగం ఏ పూటకో రాసిపెట్టారు, ఆ పూటల ప్రకారం నడుచుకోవడానికి మనకేంటి ఇబ్బంది?

నన్ను ఒకాయన అడిగాడు, మీరు ఇలా శ్రుతి జారిపోవడం వినిపిస్తే జనానికి సంగీతం మీద విరక్తి వస్తుంది కదమ్మా అని. రావొచ్చండీ. ఆ మే నెల కచేరీలో లేచి వెళ్ళిపోయినవాళ్ళు వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళు మాత్రం, చివరి గంటలో నేను బిరడా మీద చెయ్యి వెయ్యగానే మండువా మొత్తం మాటలు ఆపేసేది. కీర్తనకి ఎంత నిశ్శబ్దంగా కూర్చున్నారో శ్రుతి చేసుకోవడానికి కూడా అంతే నిశ్శబ్దంగా కూర్చున్నారు. నలభై ఏళ్ళ నుంచి వీణ ముందు కూర్చుంటున్నాను, అలాంటి నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు.

సరే. టైమెంతయింది? నలభై నిమిషాలు దాటింది. ఎవరికైనా వీణ గుర్తుందా? పెట్టె ఆన్ చెయ్యి నాన్నా. ఇప్పుడు వినండి.

[స మీటారు. శ్రుతిపెట్టెకీ వీణకీ తేడా హాల్లో అందరికీ వినపడింది]

ఎంత దిగిందో చూశారా. నేను దీన్ని ముట్టుకోలేదు, మీరు చూస్తూనే ఉన్నారు. ఏసీ ఆపాం, కిటికీ తీశాం, అంతే. మధ్యలో దుంగ గురించి చెప్పేటప్పుడు ఒకసారి నా వేలు తగిలి చిన్నగా మోగింది, అప్పటికే జారింది, ఎవరైనా పట్టుకున్నారా? నువ్వు పట్టుకున్నావా? మరి చెప్పలేదేమమ్మా. చెప్పాలి. ఈసారి వినపడితే మధ్యలో ఆపి అయినా చెప్పు, నేనేమీ అనుకోను.

ఇప్పుడు శ్రుతి చేసుకుంటాను. ఒక రెండు మూడు నిమిషాలు పడుతుంది, మీరు అలాగే కూర్చోండి. తర్వాత పొద్దు వాలుతోంది కాబట్టి పూర్వికల్యాణి రాగం వాయిస్తాను, మధ్యలో ఆగాల్సొస్తే ఆగుతాను.

[బిరడాలు తిప్పుతున్న చప్పుడు. రికార్డింగ్‌లో ఇక్కడి నుంచి కచేరీ]